ఎదురాట

మా అమ్మ పెద్దకర్మ భోజనాల దగ్గర, రెండో బంతికి పప్పు వడ్డించే లోపలే బాస్కెట్‌బాల్ గొడవ మొదలైంది.

వచ్చినవాళ్ళలో సగం మంది పాత ఆటగత్తెలు. అందరూ అరవై దాటినవాళ్ళే కాబట్టి కింద కూర్చోలేక బల్లలు వేయించుకున్నారు. కాసేపు మా అమ్మ మంచితనం గురించి మర్యాదకి మాట్లాడుకున్నారు. తర్వాత ఎవరో, దక్షిణాదిలో పుట్టిన ఆటగత్తెలందరినీ వరసలో నిలబెడితే మా అమ్మ హైమవతి ఎన్నోది అవుతుందని ఒక మాట వదిలారు. ఇక వాళ్ళకి గారెలు గుర్తు లేవు, చావు గుర్తు లేదు. ఒకావిడ మొదటిదని తేల్చేసింది. పక్కనున్నావిడ మొదటిది ఎలా అవుతుంది, మూడు అంది. ఎదురు బల్లవాళ్ళు బేరమాడి అయిదుకి దింపారు. అప్పుడు సువార్త టీచర్ విస్తట్లోంచి తలెత్తకుండా "తొమ్మిది" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. సువార్త టీచర్ బయటి మనిషి కాదు. కాకినాడ సాగర మహిళా క్లబ్బులో మా అమ్మతో కలిసి పదకొండేళ్ళు ఆడినావిడ. ఆ ఆట మీదే స్పోర్ట్స్ కోటాలో డ్రిల్లు టీచరు ఉద్యోగం తెచ్చుకున్నారు. నా చిన్నప్పటి నుంచీ ఈ చర్చ ఎక్కడ వచ్చినా ఆవిడ నోట ఆ అంకె ఒక్కటే. మా అమ్మ ఎదురుగా ఉన్నప్పుడు కూడా అదే అనేవారు, మా అమ్మ నవ్వి ఊరుకునేది. పోయిన పదకొండో రోజున కూడా అదే మాటా? చేతులు కడుక్కునే చోట పట్టుకుని అడిగేశాను, ఈ ఒక్కరోజుకైనా కొంచెం పైకి జరపకూడదా అని.

"చచ్చిపోయిందని నెంబరు పెంచుతారేంటమ్మా," అన్నారు ఆవిడ తువ్వాలు అందుకుంటూ. "బతికున్నప్పుడూ తొమ్మిదే. ఇప్పుడూ తొమ్మిదే."

ఈవిడ నోరు మూయించాలని ఆ రోజే అనుకున్నాను. మా అమ్మ ఎన్నోదో నోటి మాటతో కాకుండా, ఎవరూ కాదనలేని రుజువుతో తేల్చాలనుకున్నాను. నేను పట్టుకుంటే వదిలే మనిషిని కాదు. దాని ఫలితం మంచికీ చెడ్డకీ కూడా అనుభవించాను.

రుజువంటే ఏముంది? మా అమ్మ ఆడిన రోజుల్లో ఆడవాళ్ళ ఆటకి కెమెరా తెచ్చిన నాథుడు లేడు. ఒక ఫైనలుకి మాత్రం పెళ్ళి వీడియోలు తీసే అతను వచ్చి ఏడు నిమిషాలు తీశాడు. అందులో నాలుగు నిమిషాలు ముఖ్య అతిథి మెడలో దండలు పడటమే ఉంది. మిగిలిన మూడు నిమిషాల్లో మా అమ్మ రెండుసార్లు కనబడుతుంది, ఒకసారి నీళ్ళు తాగుతూ.

నేను అప్పటికి పక్షవాతం వచ్చిన చేతులకి మళ్ళీ పని నేర్పే పరిశోధన చేస్తున్నాను. బతికున్న మనిషి మెదడులో చేతి కదలికలు ఎక్కడ దాగి ఉంటాయో చదివే యంత్రం మా ల్యాబులో ఉండేది. దాన్ని సరిచూసుకోవడానికి నా తోటి ఇంజనీరు ఫణీంద్ర ఒక రోజు టేబుల్ టెన్నిస్ బ్యాటు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద అతని చెయ్యి కదలికలు రావాలి. అతనివి వచ్చాయి. వాటికి ఎదురుగా ఇంకొకరివి కూడా వచ్చాయి, ఎడమ చేత్తో బంతిని కోసి కొట్టే మనిషివి. ఫణి అది చూసి కుర్చీలోంచి లేచిపోయాడు. అది ఏలూరులో ఉన్న వాళ్ళన్నయ్య సర్వీసు. చిన్నప్పుడు పదేళ్ళపాటు రోజూ ఆ సర్వీసుకి ఎదురు నిలబడ్డాడు. ఏలూరు వెళ్ళి అన్నయ్య ఆటని వీడియో తీసి పోల్చి చూశాం. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

అలా దొరికింది మాకు ఎదురాట. ఒక ఆటగాడు ఎలా ఆడాడో అతని ఒంట్లోనే కాదు, అతన్ని ఆపడానికి నిలబడ్డవాళ్ళ ఒంట్లో కూడా ఉంటుంది. ఏ భుజం దిగితే ఎటు పరిగెడతాడో కన్ను కంటే ముందు వాళ్ళ కాళ్ళకి తెలుసు. అలా తెలిసినదంతా పోగుచేస్తే, కెమెరా ముఖం చూడని మనిషిని కూడా మళ్ళీ ఆడించవచ్చు.

ఆ దసరాకి ఫణి ఏలూరు వెళ్ళి అన్నయ్యతో ఆడబోతే ఒక్క బంతి కూడా తిరిగి కొట్టలేకపోయాడు. బ్యాటు ఎలా పట్టుకోవాలో తెలుసు, ఎప్పుడు తిప్పాలో చేతికి తెలియడం లేదు. గోడ మీద అంటించిన కాగితం ఊడదీస్తే దాంతోపాటు సున్నం కూడా ఊడి వచ్చినట్టు, మేము చదివినదంతా అతని చేతిలోంచి ఊడి వచ్చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. నేను క్షమాపణ అడిగాను. ఫణి పరవాలేదు మేడమ్ అన్నాడు గానీ, ఆ తర్వాత వాళ్ళన్నయ్య గురించి ల్యాబులో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను మాత్రం యంత్రాన్ని ఆపలేదు. చెప్పుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

మా అమ్మ పోయిన ఎనిమిదో ఏట దక్షిణ ప్రాంత బాస్కెట్‌బాల్ సమాఖ్య మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. విజయవాడలో కొత్త ఇండోర్ స్టేడియం గోడ మీద అన్ని కాలాల ఆటగాళ్ళలో నూరుగురి పేర్లు వరసగా రాతి మీద చెక్కించాలని వాళ్ళ ఆలోచన. ఆ వరస కోసం మూడేళ్ళుగా కొట్టుకుంటున్నారు. ఆడవాళ్ళని విడిగా రాయాలా కలిపి రాయాలా, ఈ కాలపు పిల్లలని అప్పటివాళ్ళతో ఎలా పోల్చాలి, ఎన్ని పాయింట్లు కొట్టారన్నది ముఖ్యమా ఎవరి మీద కొట్టారన్నది ముఖ్యమా అంటూ రెండుసార్లు సమావేశంలో కుర్చీలు కూడా లేచాయట. మీ యంత్రం చెప్పేస్తే ఎవరి నిష్ఠూరమూ మేం పడక్కర్లేదు అన్నారు అధ్యక్షుడు విశ్వనాథం గారు. కొలత ఎత్తుకీ బలానికీ కాదనీ, ఎవరి కాలంలో వాళ్ళు తమ ఎదుటివాళ్ళ మీద ఎంత పైచేయి సాధించారన్న దానికనీ ఒప్పందం రాసుకున్నాం. వీడియోలున్న అరవై తొమ్మిది మందిని వీడియోల నుంచే తయారుచేశాం. మిగిలిన ముప్పై ఒక్క మందికీ ఎదురాట తప్ప దారి లేదు.

ఆ ముప్పై ఒక్క మందిలో మా అమ్మ ఒకతె. నేరుగా ఆమెనే ఆపడానికి నిలబడ్డవాళ్ళలో ఇద్దరే బతికున్నారు. నెల్లూరులో ఒకావిడ సంతోషంగా ఒప్పుకుని కుర్చీలో కూర్చుంది గానీ, ఆవిడ ఒంట్లో పదకొండు నిమిషాల ఆటే దొరికింది. అది చాలదు. రెండో మనిషి సువార్త టీచర్.

ఒకే జట్టువాళ్ళు ఎదురెదురుగా ఎలా నిలబడ్డారంటే, అది వాళ్ళ కోచ్ పెద్దిరాజు మాస్టారి పద్ధతి. క్లబ్బులో చేరగానే ఆయన ఇద్దరిద్దరిని జత కట్టేవారు. ప్రాక్టీసులో ఆ ఇద్దరూ ఒకరినొకరే కాచుకోవాలి, ఇంకొకరి జోలికి పోకూడదు. ఊళ్ళు తిరిగితే ఒకే గదిలో పడుకోవాలి. ఒకరు ఆలస్యంగా వస్తే ఇద్దరూ పరిగెత్తాలి. కట్టిన జత పెళ్ళయితేనో ఊరు మారితేనో తప్ప విడదీసేవారు కాదు. మా అమ్మకి కట్టిన జత సువార్త టీచర్. పదకొండేళ్ళు, ఆదివారాలు పోను రోజూ తెల్లవారుజామున రెండు గంటలసేపు. మా అమ్మ ఆట ఈ భూమ్మీద ఎక్కడైనా నిండుగా ఉందంటే ఆవిడ దగ్గరే ఉంది.

ఆవిడ కోసం మున్సిపల్ గ్రౌండుకి వెళ్ళాను. డెబ్భై ఒకటో ఏట కూడా ఆవిడ పొద్దున్నే చీర కుచ్చెళ్ళు దోపుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని, గీత దగ్గర నిలబడి యాభై బంతులు వేస్తారు. వాటిలో నలభై ఆరుకి తక్కువ పడిన రోజు ఉండదని గ్రౌండులో వాకింగ్ చేసేవాళ్ళు చెప్పుకుంటారు. నేను జరిగినదంతా దాచకుండా చెప్పాను. ఫణి సంగతి కూడా చెప్పాను. ఆవిడ బంతులు వేస్తూనే విన్నారు.

"అయితే నాదెంత పోద్ది?" అని అడిగారు.

మా అమ్మ ఆట తెలిసినదంతా పోతుందని చెప్పాను. పదకొండేళ్ళు ఒకరి ఆట మీద ఒకరి ఆట పెరిగింది కాబట్టి, దాంతోపాటు ఆవిడ ఆట కూడా చాలామటుకు వచ్చేస్తుందని చెప్పాను.

"ఈ బంతి వేసుకోడం కూడానా?"

"అది కూడా టీచర్."

ఆవిడ మిగిలిన ఆరు బంతులూ వేశారు. ఆరూ పడ్డాయి. తర్వాత బంతి చంకలో పెట్టుకుని నా వైపు తిరిగి, తొమ్మిదని తనంటే నాకు కోపం కదా, మెషీను చెప్తే నమ్ముతాను కదా అన్నారు. నమ్ముతానన్నాను. ఆదివారం చర్చి అయ్యాక వస్తానన్నారు. ఇంత ఇవ్వడానికి ఎందుకు ఒప్పుకుంటున్నారని నేను అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటారేమోనని భయపడ్డాను.

చదవడానికి మూడు రోజులు పట్టింది. ఒడిలో బంతి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆవిడ కుర్చీలో కూర్చునేవారు. ఉన్నట్టుండి భుజం పక్కకి జరిగేది, మడమ లేచేది. ఒకసారి "ఆగవే హైమా" అని గొణిగారు. తెర మీద మెల్లగా ఒక మనిషి తయారైంది. ముఖం లేదు, చీరా జడా లేవు, ఊరికే కదలిక. బంతి అందుకుని నడుం దగ్గర విరిగినట్టు తిరిగింది. పొయ్యి మీద పాలు పొంగితే మూత కోసం మా అమ్మ అచ్చం అలాగే తిరిగేది. నేను తెర ముందు కూర్చుని ఏడ్చేశాను. ఎనిమిదేళ్ళ తర్వాత మా అమ్మని చూశాను మరి.

మూడో రోజు సాయంత్రం వైర్లు తీసేశాక సువార్త టీచర్ ల్యాబు వెనక ఉన్న రింగు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. వద్దని చెప్పేలోపు బంతి విసిరారు. అది రింగుకి రెండు గజాల ఇవతలే పడిపోయింది. ఇంకోటి విసిరారు. అది గోడకి తగిలింది. ఆవిడ కాసేపు తన అరచేతులు చూసుకుని, "సర్లే, చెప్పే తీసుకున్నావుగా," అని చెప్పులేసుకున్నారు. ఆటో దాకా వెనకాలే నడిచాను.

ఫలితం వారం తర్వాత వచ్చింది. మా అమ్మ ఆటగత్తెల్లో ముప్పై నాలుగు.

ఎక్కడో తప్పు జరిగిందనుకుని మళ్ళీ నడిపించాను. ముప్పై నాలుగు. మూడోసారీ అంతే. యంత్రం కారణం కూడా రాసింది: కుడిచేతి వాటం ఆటగత్తె, కానీ కుడి పక్కకి దాదాపు వెళ్ళదు. ఏ ఎదుటి జట్టయినా పది నిమిషాల్లో అది కనిపెట్టి ఎడమ పక్క మూసేస్తోంది, అక్కడితో ఆమె ఆట అయిపోతోంది. నాకు ముందు సిగ్గేసింది, తర్వాత మా అమ్మ మీదే కోపం వచ్చింది. ఆ తర్వాత నెమ్మదిగా వేరే సంగతి తోచింది. ముప్పై నాలుగో మనిషిని సువార్త టీచర్ ఇన్నేళ్ళూ తొమ్మిది అంటూ వచ్చారు. అంటే ఇరవై అయిదు మెట్లు పైకెక్కించి చెప్పారు. ఆవిడ అభిమానాన్ని నేను అవమానమనుకున్నాను, దాని కోసం ఆవిడ చేతులు ఖాళీ చేశాను.

ఆ మాట ఒప్పుకుని క్షమాపణ చెప్పడానికే వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ట్యాబులో మా అమ్మ ఆట పెట్టి, అంకె చెప్పి, కారణం చదివాను. ఆవిడ అడ్డంగా తలూపారు. ఆట మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నారు. చూస్తున్నంతసేపూ ఆవిడ చేతిలో ఉన్న కాయ అలాగే ఉండిపోయింది.

"అది కుడి పక్కకి ఎల్లదని రాసిందా మీ మెషీను," అన్నారు చివరికి. "దాని కుడంటే ఎదురుగా నిలబడ్డ నాకు ఎడమ. మూడో ఏట నా ఎడమ మోకాలు పోయిందమ్మా. పెద్దిరాజు మాస్టారికి తెలిస్తే ఆ సాయంత్రం బస్సుకే ఇంటికి పంపేసేవోరు. ఇంటికెళ్తే కోటా లేదు, ఉజ్జోగం లేదు. ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకీ చెప్పలేదు. మర్నాటి నుంచీ అది ఆ పక్కకి రావడం మానేసింది."

ఆవిడ చెప్పుకుంటూ పోయారు. ఎనిమిదేళ్ళు ప్రాక్టీసులో ఒక్క రోజు కూడా మా అమ్మ అటు రాలేదట. మ్యాచుల్లో మాత్రం అటే పోయేదట, ఆపినవాళ్ళు లేరట. ఇద్దరూ ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదట. మరి కుర్చీలో కూర్చోకముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. తను పక్కన ఆడుతూ చూసిన మ్యాచులే తీసుకుంటామని అనుకున్నారట, ప్రాక్టీసు కూడా వచ్చేస్తుందని తట్టలేదట.

"అయినా ఏమని చెప్పుకోను," అన్నారు. "ఎనిమిదేళ్ళు ఒకత్తి నా మీద జాలిపడి ఆడిందనా? తెలిసీ తెలీనట్టు నేను ఆడించుకున్నాననా?"

ల్యాబుకి పరిగెత్తుకొచ్చి, ఫణీ నేనూ కలిసి నెల్లూరు ఆవిడ ఇచ్చిన పదకొండు నిమిషాలూ విప్పి చూశాం. అందులో మా అమ్మ తొమ్మిదిసార్లు కుడి పక్కకి దూసుకుపోయింది, తొమ్మిదిసార్లూ బంతి బుట్టలో పడింది. పదకొండేళ్ళ పక్కన పదకొండు నిమిషాలు ఏ మూలకి? యంత్రం ఎక్కువసార్లు చూసినదే నిజమనుకుని, ఆ తొమ్మిదింటినీ చెత్త కింద తీసి పక్కన పడేసింది. దాన్ని అలా తయారుచేసింది నేనే.

మర్నాడు సువార్త టీచర్ చేతిసంచీతో ల్యాబుకి వచ్చేశారు. మోకాలు పోకముందు రెండేళ్ళున్నాయి కదా, అవి కూడా తీసుకోమన్నారు. ఆ రెండేళ్ళు అడుగున ఉన్నాయి, మొదటిసారి పైకి రాలేదు. తీయవచ్చు. కానీ అంత అడుగున తవ్వితే ఆటతో ఆగదని, మెట్లు దిగడం, తూలితే నిలదొక్కుకోవడం కూడా పోవచ్చని ఫణి లెక్కవేసి చెప్పాడు. నేను తీయనన్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని లేవనన్నారు. అడుసు తొక్కాక కాలు కడుక్కోవాలి గానీ మధ్యలో ఆగిపోతావా అని తిట్టారు. రెండు రోజులు అదే వాదన. ఎనిమిదేళ్ళ కిందటి నేనైతే తీసేసేదాన్నని నాకు తెలుసు. అందుకే యంత్రం తీగ పీకేసి, ఆ గది తాళంచెవి నా కొంగుకి ముడేసుకున్నాను.

ఇక మిగిలింది ఒక్కటే దారి. సమాఖ్యకి వెళ్ళి, నా యంత్రం ఒక మనిషి దయని లోపం కింద రాసిందని చెప్పడం. చెబితే మా అమ్మ అంకె ఒక్కటే పోదు. మిగిలిన వాళ్ళలో ఎవరెవరి దయ ఎలా రాసిందో, ఎవరి భయాన్ని బలమని రాసిందో నాకేం తెలుసు? వరస మొత్తం పోతుంది, ఒప్పందం పోతుంది, ల్యాబు మూతపడుతుంది. ఫణి బతుకు కూడా అందులోనే ఉంది కాబట్టి అతన్ని అడిగాను. అతను ఒక రోజు గడువు తీసుకుని, మర్నాడు వచ్చి, "చెప్పెయ్యండి మేడమ్. మా అన్నయ్య కూడా నాకు తేలిక బంతులే వేశాడేమో, ఇక నేనెలా తెలుసుకుంటాను," అన్నాడు.

విజయవాడ సమావేశానికి రెండు వందల మంది పాత ఆటగాళ్ళు వచ్చారు. వరస ప్రకటించమని విశ్వనాథం గారు మైకు నా చేతికిచ్చారు. నేను వరస చదవలేదు. జరిగినది జరిగినట్టు చెప్పాను. విశ్వనాథం గారు తెలివైనవారు. అయితే ఎదురాటతో చేసిన ముప్పై ఒక్క పేర్లూ పక్కన పెడదాం, వీడియోలతో చేసిన అరవై తొమ్మిదికీ ఏ దోషమూ లేదు కదా అన్నారు. చాలామంది తలలూపారు.

నేను ఒప్పుకోలేదు. ఆ ముప్పై ఒక్క మందీ ఎవరో చూడమన్నాను. అందరూ ఆడవాళ్ళు, లేదా చిన్న ఊళ్ళవాళ్ళు. అప్పట్లో వాళ్ళ ముందు కెమెరా పెట్టలేదు, ఇప్పుడు గోడ మీద పేరు పెట్టరు. చెక్కితే అందరినీ కలిపి చెక్కండి, లేకపోతే నా యంత్రం పేరు మీద ఒక్క అక్షరం కూడా చెక్కవద్దన్నాను.

మా అమ్మ కుడి పక్కకి వెళ్ళకపోవడం దయేననడానికి రుజువేమిటని ఆయన అడిగారు. మూడో వరసలోంచి సువార్త టీచర్ లేచారు.

"ఆ మోకాలు నాదండి," అన్నారు. "దాచిపెట్టి ఆడాను. దాచి తెచ్చుకున్న ఉజ్జోగమే ముప్పై ఏళ్ళు చేశాను. హైమ నన్ను కాసింది. మీ ఇష్టం వచ్చినట్టు అనుకోండి."

హాల్లో ఆవిడ దగ్గర ఆట నేర్చుకున్నవాళ్ళు పదిమందైనా ఉంటారు. ఎవరూ గుసగుసలాడలేదు. విశ్వనాథం గారు కాగితాలు తిరగేసి, ఆవిడ చేతుల్లో ఇప్పుడు హైమవతి ఆట ఏమీ మిగల్లేదని నివేదికలో ఉంది కదా, మరి ఆవిడ మాటకి ఆధారమేమిటని మర్యాదగానే అడిగారు.

"చేతుల్లో లేదండి. నోట్లో ఉంది. పదకొండేళ్ళు ఎదురుగా నిలబడ్డాను, తొమ్మిదోది అంటున్నాను. కాదనేవోళ్ళుంటే లేచి చెప్పమనండి."

వెనక నుంచి ఒక మధురై ఆవిడ లేచి, తొమ్మిది కాదు, ఆరు అంది. ఇంకొకరు పన్నెండన్నారు. అయిదు నిమిషాల్లో హాలంతా లేచి నిలబడింది. ఎవరు ఎవరిని ఎక్కడ ఆపారో, ఏ ఊళ్ళో ఏ మ్యాచులో ఎవరి పళ్ళు రాలాయో చేతులు తిప్పుతూ చెప్పుకుంటున్నారు. సాయంత్రానికి సమాఖ్య తీర్మానం రాసింది. రాతి పలక పని ఆపేశారు. ఏటా ఒకసారి అందరూ ఇలాగే కూర్చుని, కెమెరా చూడనివాళ్ళ గురించి ఎదురుగా నిలబడ్డవాళ్ళ నోట విని రాసుకోవాలన్నారు. మా ఒప్పందం రద్దయింది. ఆ కాగితం మీద సంతకం పెడుతుంటే ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

మర్నాడు పొద్దున్న కాకినాడ రైల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. మా అమ్మ కంటే పైనున్న ఆ ఎనిమిది మందీ ఎవరని అడిగాను. ఇన్నేళ్ళలో నేను ఆ ప్రశ్న వేయడం అదే మొదలు. ఆవిడ వేళ్ళు మడుస్తూ చెప్పారు. కొట్టాయం అమ్మాయి ఒకతె, మద్రాసువాళ్ళు ఇద్దరు, సికింద్రాబాద్ రైల్వేలో ఆడిన పొడుగావిడ, అలా. మూడో పేరు నేను ఒప్పుకోలేదు, మా లెక్కల్లో ఆవిడ ఓడిపోయిన మ్యాచులే ఎక్కువ. సువార్త టీచర్‌కి హుషారొచ్చింది. ఎవరి మీద ఓడిందో చూడమన్నారు. ఏలూరు దాటేసరికి పక్క సీటాయన కూడా చర్చలోకి దిగాడు, ఆయనకి బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియకపోయినా. నిడదవోలు దగ్గర నేను ఆ మూడో పేరు ఒప్పుకున్నాను. నాకు నవ్వొచ్చింది, ఎంత కాలమైందో అలా నవ్వి.

అప్పుడు అడిగాను. "మరి మీరెన్నోవారు టీచర్?"

ఆవిడ కిటికీ వైపు చూశారు.

"నాకెలా తెలుస్తాదమ్మా," అన్నారు. "నా ఎదురుగా నిలబడింది మీ అమ్మ."

మా అమ్మ బతికున్న రోజుల్లో ఆమె పక్కన నేనెన్ని సాయంత్రాలు కూర్చోలేదు? ఒక్కసారైనా, అమ్మా, సువార్త టీచర్ ఎలా ఆడేవారు అని అడగలేదు. ఆమె ఎన్నోదో తేల్చాలని ఇన్నేళ్ళు పోరాడినదాన్ని, ఆమెకి తెలిసినది మాత్రం ఆమెతోనే పోనిచ్చాను. ఇప్పుడు ఏ యంత్రమూ దాన్ని తెచ్చి ఇవ్వలేదు.

కొవ్వూరు దాటి రైలు గోదావరి వంతెన ఎక్కింది. నేను కళ్ళు తుడుచుకుని, మ్యాచుల్లో ఆవిడని కాసినవాళ్ళు ఇంకెవరైనా బతికున్నారా అని అడిగాను. ఎందుకొచ్చిన గొడవ అన్నారు ఆవిడ. చెప్పమన్నాను. రాజమండ్రి జట్టులో సామ్రాజ్యం అని ఉండేదని, జాంపేటలో ఇల్లని, నోరు మంచిది కాదని, తన గురించి మంచిగా ఒక్క ముక్క చెప్పదని అన్నారు.

"పర్లేదు, చెప్పినంతే రాసుకుందాం," అన్నాను. పై బెర్తు మీద నుంచి ఆవిడ సంచీ దించాను. రైలు వంతెన దిగి రాజమండ్రి స్టేషన్లో ఆగింది. సువార్త టీచర్ గొణుగుతూనే లేచి చెప్పులు వెతుక్కున్నారు. ఇద్దరం దిగి జాంపేటకి ఆటో మాట్లాడుకున్నాం.